రూతు ఆగిన తొమ్మిది సెకన్లు

తమ్ముడూ,

మంథని ఇంట్ల ఒక పొద్దు నాకు ఇంకా యాదికుంది. అవ్వ పొయ్యి మీద చాయ్ పెట్టింది. నువ్వు చాప మీద కూసొని కీర్తన చదువుతున్నవ్. నడుమల ఆగిపోయినవ్. కండ్లు తెరిచే ఉన్నయ్, రెప్పలు మాత్రం కొట్టుకుంటున్నయ్. "ప్రార్థనల ధ్యాస ఏడుందిరా?" అని బాపు వీపు మీద ఒక్కటిచ్చిండు. నేను గూడ నవ్విన. జరసేపటికి నువ్వు ఆగిన మాట కాడి నుంచే మళ్ల చదివినవ్.

నువ్వు చనిపోయి రేపటికి నాలుగేండ్లు. నీ బిడ్డ రూతు గూడ గట్లనే ఆగుతుందని పంతులమ్మ చెప్తే, ఇయ్యాల మెదడుకు తీసే ఈఈజీ పరీక్ష చేయించనీకి కరీంనగర్ తీసుకపోయిన. పొద్దుగాల అలవాటుగ తలకు నూనె పెట్టి జడేసిన. "నూనె ఉంటే వైర్లు అతుకయమ్మా" అని అక్కడ మళ్ల తల కడిగిచ్చిండ్రు.

వైర్లు పెట్టి, గట్టిగ గాలి ఊదమన్నరు. తెర మీద సన్నగ పోతున్న గీతలన్నీ ఒక్కపారే ఎత్తుగ లేచినయ్. రూతు ఊదుడు ఆపింది. గీతలు తగ్గంగనే మళ్ల ఊదింది.

"తొమ్మిది సెకన్లు. గా సేపు పిల్లకు ఏం తెల్వదు. ఇది గూడ ఫిట్సే, గోలీలతోని తగ్గుతది" అన్నది డాక్టరమ్మ.

"నేను ఆగలే కదా అత్తమ్మా!" అన్నది రూతు.

ఇంటికొచ్చి బాపుకు చెప్పిన. చానాసేపు తన చెయ్యి దిక్కే చూసుకున్నడు. "మరి వాడు?" అన్నడు.

సాయంత్రం అందరం కూసొని అనుకున్నం. గోలీలు రేపటి నుంచే. బడిల దాచకుంట తనే చెప్తనన్నది నీ భార్య. మిగిలింది బాపు చెప్పిండు: "కీర్తన రోజూ రూతే చదువుతది. నడుమల ఆగితే ఎవ్వలు పిలువొద్దు. అది మళ్ల మొదలువెట్టేదాంక అందరం ఆగుదాం."

నీ పెద్దక్క