పిలిచిన చెరువులు

ఇబ్రహీంపట్నం,
ఆదివారం, మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడు ఐలేష్‌కు అక్క యశోద ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అమ్మ, మీ బావ, నేను క్షేమం. అక్కడ ఐజ్వాల్ కొండల మీద నువ్వూ, నీ ఎడమ మోకాలూ కూడా క్షేమమేనని తలుస్తాను. నీ ఒక్కడి క్షేమం రాస్తే నాకు చాలదు. మోకాలి సంగతి విడిగా రాయి.

నీ ఉత్తరం పదకొండు రోజుల కిందట, బుధవారం అందింది. "ఈ కాలంల గూడ ఉత్తరాలు రాసుకునే ఇల్లు మీదొక్కటే" అని పోస్ట్‌మన్ నవ్వాడు. అతనికేం తెలుసు! ఫోన్లో నేను నాలుగు ప్రశ్నలు ఒక్కసారే అడుగుతాను, నువ్వు ఒక్కదానికీ జవాబు చెప్పకుండా "మంచిగున్న అక్కా, మీటింగ్ ఉంది" అని పెట్టేస్తావు. కాగితం మీద ఆ ఆటలు సాగవు. ఫుట్‌బాల్ కోసం స్పోర్ట్స్ హాస్టల్‌కు పోయిన కొత్తలో ఏడుస్తూ రాసిన అలవాటు నీకింకా పోలేదు, అంతవరకు నా అదృష్టం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చుక్కల మందు వేయబోతే మాత్రం చిన్నపిల్లలా తల తిప్పేస్తుంది. ఇంకొన్నాళ్లు ఎండలోకి పోవద్దని డాక్టర్ చెబితే, అమ్మ నల్లద్దాలు పెట్టుకుని పోయి చేపలమ్ముతోంది. "జంగమ్మ సినిమాల చేరింది" అని మార్కెట్లో ఒకటే నవ్వులు. పెద్ద చెరువులో నీళ్లు నిండుగా ఉన్నాయి, రవ్వ చేప బాగా పడుతోంది. మీ బావ కొండల్ ఆటో ఇప్పటికీ తుర్కయాంజాల్ మీదుగా ఎల్బీనగర్‌కే తిరుగుతోంది. నేను రోజూ కంపెనీ బస్సెక్కి ఆదిభట్ల పోయి, విమానం రెక్కలకు కొట్టిన రివెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి వస్తున్నాను. చూసేది నేను, ఎక్కి తిరిగేది నువ్వు.

నువ్వు పంపిన జెర్సీల మూట కూడా అందింది. ఎప్పటిలాగే నాకూ మీ బావకూ చెరొకటి పోగా మిగిలినవన్నీ మార్కెట్‌కు వెళ్లిపోయాయి. పొలం పనికి ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల అంగీ తొడుక్కున్నట్టే, చేపలు కోసేవాళ్లూ తొడుక్కుంటారు కదా. నీ జెర్సీలకు నీళ్లు తొందరగా ఆరిపోతాయట, పొలుసులు అంటుకోవట. అమ్మ మొదటిసారి నీ గోవా జెర్సీ తొడుక్కుని పోయిన రోజు నుంచి పక్క గంపల వాళ్లంతా వెంటపడ్డారు. ఇప్పుడు ఆదివారం పొద్దున నువ్వు ఆ వరుస చూడాలి. ఒకామెకు కోల్‌కతా, ఇంకొకామెకు షిల్లాంగ్, ఆ పక్కన బెంగళూరు, ఇంఫాల్. నీ పదహారేళ్ల ఆట మొత్తం కత్తిపీటల ముందు కూర్చుని బొచ్చె చేపలు కోస్తోంది. ఆదిభట్లలో పనిచేసే కోజికోడ్ అబ్బాయి ఒకడు తమ ఊరి జెర్సీ చూసి బైక్ ఆపాడు. నీ గోల్స్ గురించి మాట్లాడీ మాట్లాడీ చేపలు కొనకుండానే వెళ్లిపోయాడని అమ్మ ఇంకా తిడుతోంది.

పోయిన నెల షిల్లాంగ్ మీద నువ్వు గోల్ కొట్టినప్పుడు ఏమైందో రాయలేదు కదూ. అమ్మ సంగతి తెలిసిందే, నీ మ్యాచ్ వస్తుంటే ఫోన్‌కు వీపు పెట్టి కూర్చుంటుంది. నేను చూసి చెప్పాలి, ఆమె వినాలి. "గోల్! చేతులు జోడించి తల వంచుకున్నాడు" అన్నాను. అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏం తప్పు చేసిండే వాడు? దండమెందుకు పెడుతుండు?"

ఒకప్పుడు తాము ఆడిన టీం మీద గోల్ కొడితే ఆటగాళ్లు సంబరపడరని, అది మర్యాదని చెప్పాను.

"అంటే తిన్న చెరువుకు దండం పెట్టిండన్నట్టు. మంచిగ చేసిండు" అని అమ్మ లేచి పోయి పొయ్యి మీద అన్నం చూసుకుంది.

ఇక నీ అసలు ప్రశ్న. అది చివరి పేజీలో, చిన్న అక్షరాలతో రాశావు. "ఈ సీజన్‌తోటి ఇక్కడి కాంట్రాక్ట్ అయిపోతది. శ్రీనగరోళ్లు ఒక్క ఏడాదికి పిలుస్తున్నరు. నాకు ముప్పై నాలుగు దాటినయ్. ఒక్కతాన నిలవనోడని ఊళ్లె ఏమనుకుంటున్నరో నాకు తెల్వదా? చాలు రమ్మంటే వచ్చేస్త. నువ్వెట్లంటే అట్ల అక్కా." నాలుగుసార్లు చదివాను. జవాబు రాయడానికి ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో కూడా చెబుతాను, కానీ ముందు మార్కెట్లో జరిగింది విను.

పోయిన ఆదివారం నేనూ అమ్మ పక్కనే కూర్చున్నాను, కంటికి నీళ్లు తగలకుండా చూడటానికి. పెద్దబాపు రామచంద్రయ్య వచ్చాడు. నాన్నకు అన్న, పైగా మత్స్యకారుల సంఘానికి ఆయనే పెద్ద కదా, వస్తే పదిమంది వినేలాగే మాట్లాడతాడు.

"ఏం జంగమ్మా, నీ కొడుకును ఈసారి ఎవలు ఎల్లగొట్టిన్రు? ఎన్ని టీములు మారుతడు వాడు? ఒక్కతాన నిలవడడా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం చేపను పూర్తిగా కోసి, ముక్కలు కడిగి, కొనేవాళ్ల చేతికిచ్చి, అప్పుడు నల్లద్దాలు తీసింది.

"బావా, పోయిన ఎండకాలం రావిర్యాల చెరువు పట్టెతందుకు నువ్వెందుకు పోయినవ్?"

"వాళ్లు పిలిచిన్రు, పోయిన."

"ఎందుకు పిలిచిన్రు? వాళ్లకు వలలు లేవా, మనుషులు లేరా?"

"అందరున్నరు. లోతుల పెద్ద వల తిప్పేటోడు లేడని నన్ను పిలిచిన్రు" అని పెద్దబాపు మీసం సవరించుకున్నాడు.

"పిలవకుంట పోతే?"

"పిలవకుంట ఇంకొకల చెరువుల వలేస్తే ఊకుంటరా? కాళ్లు ఇరగ్గొడ్తరు."

"మరి నా కొడుకును ఎనిమిది చెరువులోళ్లు పిలిచిన్రు" అంది అమ్మ, గంపల వరుస వైపు చెయ్యి చూపించి. "గోవోళ్లు పిలిచిన్రు. కలకత్తోళ్లు పిలిచిన్రు. సముద్రం అవతల మాల్దీవోళ్లు పిలిచిన్రు. ఒక్కకాడన్న కాళ్లు ఇరగ్గొట్టిన్రా? ఇప్పుడు తొమ్మిదోళ్లు పిలుస్తున్నరు. వల వెయ్యరానోన్ని ఎవడన్న పిలుస్తడా బావా?"

తమ్ముడూ, గంపల దగ్గర ఆడవాళ్లంతా పని ఆపి పెద్దబాపు వైపే చూస్తున్నారు. చివరికి ఆయన తువ్వాలతో మెడ తుడుచుకుని, "గట్ల చెప్తే నాకు తెలుస్తది గద" అన్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "నాకొక అంగి ఇయ్యరాదు?" అని అడిగాడు. నీ మాల్దీవుల జెర్సీ ఇచ్చాం. పొట్ట దగ్గర బిగుతుగా ఉన్నా, చెరువు మీదికి అదే వేసుకుని పోతున్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ లోపల నాకు సిగ్గేసింది. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను, కోపం తెచ్చుకున్నా సరే చివరిదాకా చదువు.

మా కంపెనీ ఆఫీసులో క్రాంతికుమార్ అని ఒకాయన ఉన్నాడు, మనుషులను ఉద్యోగంలోకి తీసుకునేది ఆయనే. స్టాఫ్ బస్సులు చూసుకోవడానికి సూపర్‌వైజర్ కావాలంటే, నీకు ఒక్క మాటైనా చెప్పకుండా, "మా తమ్ముడు వస్తాడు, సీజన్ అయిపోగానే చేరతాడు" అని చెప్పేశాను. నీ ఉత్తరం రాకముందే చెప్పాను. ఆయన సరేనన్నాడు కూడా. నీ ఉత్తరం చదివి మొదట సంతోషించాను. వీడే అడుగుతున్నాడు, రమ్మని ఒక్క ముక్క రాస్తే చాలు, నేను చేసింది ఎప్పటికీ తెలియదు అనుకున్నాను. పెద్దబాపు నోటితో అన్నది నేను మనసులో అనుకుంటూ ఉన్నానన్నమాట.

ఎందుకు చేశానంటే, భయం. నువ్వు కింద పడ్డప్పుడల్లా లేచేదాకా నేను ఊపిరి తీసుకోను. అమ్మ వీపు పెట్టి కూర్చుంటుంది, "లేచిండా?" అని అడుగుతుంది, నువ్వింకా లేవకముందే "లేచాడు, లేచాడు" అని చెప్పేది నేను. ఇన్నేళ్లుగా ఆ అబద్ధం చెప్పీ చెప్పీ అలసిపోయాను. నిన్ను ఇంటికి తెచ్చుకుని, మా బస్సుల దగ్గర నిలబెట్టి, రోజూ కళ్లారా చూసుకోవాలనిపించింది.

సోమవారం పోయి క్రాంతికుమార్‌కు రాడని చెప్పాను. "ఏమైంది మేడం, వేరే దగ్గర దొరికిందా?" అన్నాడు. "వేరే చెరువోళ్లు పిలిచిన్రు సార్" అన్నాను.

మళ్లీ నీ తరఫున నేనే మాట్లాడాను, చూశావా! ఈ బుద్ధి మారదు. అందుకే ఈసారి నిర్ణయం మాత్రం నీకే వదిలేస్తున్నాను. నీ కాలు ఇక ఆడనంటే రా. నీకే ఆట మీద మనసు పోతే రా. ఇల్లు నీది, ఎప్పుడొచ్చినా కంచం పెడతాం. కానీ ఊరికి భయపడి మాత్రం రాకు. ఊళ్లో సగం మంది నీ పేరు తొడుక్కుని తిరుగుతున్నారు, వాళ్లేమంటారు చెప్పు?

ఇంకొక్క సంగతి. వచ్చే నెల మీ టీం హైదరాబాద్‌లో ఆడుతుంది కదా. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఇక్కడికి వచ్చినా అమ్మ మ్యాచ్‌కు రాలేదు. చిన్నప్పుడు కాలేజీ గ్రౌండ్‌లో ఆమె కళ్ల ముందే నీ కాలు విరిగింది. అప్పటి నుంచి "నేను చూస్తే వానికి దెబ్బ తాకుతది" అని ఒకటే పట్టు. ఈసారీ అలాగే అంటుందని నేను అడగనేలేదు. మొన్న రాత్రి అన్నం తింటూ తనే అంది.

"మ్యాచ్‌కు నేను గూడ వస్త."

నేనూ మీ బావా ముఖముఖాలు చూసుకున్నాం.

"దిష్టి అంటివి కద అత్తా?" అన్నాడు మీ బావ.

"అది పాత కన్ను. గిది కొత్తది గద" అంది అమ్మ, పప్పు కలుపుకుంటూ.

అంతే, మరునాటికి కథ మార్కెట్ అంతా పాకింది. ఇప్పుడు మీ బావ ఆటో చాలదట, సంఘం వ్యాన్ మాట్లాడారు. పెద్దబాపు ముందు సీటు తనదేనని ఇప్పుడే చెప్పి పెట్టాడు. ఎనిమిది మందిమి, ఎనిమిది టీముల జెర్సీలతో, ఒకే వరుసలో కూర్చుంటాం. ఏ టీం వాళ్లమని గేటు దగ్గర అడిగితే ఏం చెప్పాలో నువ్వే రాయి.

హైదరాబాద్ టీంకు నువ్వు ఎప్పుడూ ఆడలేదు, ఇక్కడ ఒక్క గోల్ కూడా కొట్టలేదు. కాబట్టి కొడితే చేతులు జోడించే పని లేదు, బాగా ఎగురు. ఎగిరి మా వైపు చూడు. అందరం లేచి వెనక్కి తిరిగి నిలబడాలని మార్కెట్లో తీర్మానం చేశారు, వీపుల మీద ఉన్న నీ పేరు వరుసగా నీకు కనబడాలని.

అమ్మ ఒక్కతే తిరగనంటోంది. ఇన్నేళ్లు నీకు వీపు పెట్టి కూర్చున్నది చాలట.

ఇట్లు,
నీ రాక కోసం కాదు, నీ ఆట కోసం ఎదురుచూసే
అక్క,
యశోద