వెనక గుమ్మం లైటు

నవంబర్ 3

పదో తరగతి పరీక్షల తర్వాత నేను పేజీ నిండా ఏమీ రాయలేదు, సరుకుల చీటీలు తప్ప. ఇవాళ పెన్ను పట్టుకున్నానంటే కారణం మా అమ్మాయి. నిన్న ఒక సంగతి చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది. నాకు మాట లోపల ఆగదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

అమ్మాయి ఉద్యోగం పోయింది. మూడు వారాలయింది. కొరియర్ ఆఫీసులో ఒకేసారి పన్నెండు మందిని తీసేశారట. రోజూ తొమ్మిదింటికి మామూలుగా అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరి లైబ్రరీలో కూర్చుంటోంది. వేరేచోట ఇంటర్వ్యూలకు తిరుగుతోంది. దొరికాక నాన్నకి నేనే చెబుతాను, ఇప్పుడు తెలిస్తే నాన్న ఆఫీసుకెళ్ళి మేనేజరు కాళ్ళావేళ్ళా పడతారు, లేదా గొడవ పెట్టుకుంటారు, రెండూ నాకు చావే అంది.

దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నవ్వింది. ఆయనకి చెప్పుకో అమ్మా, ఆయన చాడీలు మొయ్యడు అంది.

దేవుణ్ణీ ఆయన అనే అంటాను, భర్తనీ ఆయన అనే అంటాను. ఈ పుస్తకంలో భర్తని మా ఆయన అని రాస్తాను. ఉత్తి ఆయన అంటే దేవుడు.

పుస్తకం కుట్టు మిషను సొరుగులో పెట్టాను. అట్ట మీద ఒక నల్ల గుండీ పెట్టాను. ఎవరైనా తీస్తే గుండీ జారుతుంది.

నవంబర్ 6

వెనకవైపు తీగ మీద ఆరేసిన రెండు తువ్వాళ్ళు పోయాయి. గాలికి ఎగిరిపోయి ఉంటాయన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. ముప్పై మూడేళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. ముఖం చూస్తే టికెట్ కొన్నాడో లేదో చెప్పేస్తానంటారు. ఆర్నెల్ల కిందట రిటైరయ్యారు. అప్పట్నుంచి తనిఖీ చెయ్యడానికి మేమిద్దరమే మిగిలాం. మీరిద్దరూ వంటింట్లో గుసగుసలాడతారు, నేనొస్తే ఆపేస్తారు, ఏమిటి సంగతి అని నిన్న కూడా అడిగారు.

సాయంత్రం వదిన వచ్చారు. మా ఆయనకి అక్క. రెండు వీధుల అవతల ఉంటారు. తువ్వాళ్ళ సంగతి విని, ఒరేయ్, వెనక గుమ్మానికి లైటున్న కెమెరా పెట్టించరా, మా వాటాల్లో అందరూ పెట్టించుకున్నారు అన్నారు. రెండు పాత తువ్వాళ్ళకి కెమెరానా అన్నాను. నా మాట ఎవరికీ వినపడలేదు. నా గొంతే అంత.

నవంబర్ 8

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మెయిన్ ఆపి, గుమ్మం పైనున్న పాత బల్బు హోల్డరు విప్పాడు. లోపలి తీగలకు బూజు పట్టి ఉంటే తుడిచాడు. నిచ్చెన మీద నుంచి, అక్కా, తొమ్మిదడుగుల ఎత్తు సరిపోతుంది, ఇంకా పైకి వెళ్తే మనిషి నెత్తి తప్ప ముఖం పడదు అన్నాడు. చెవుల్లా అటొకటి ఇటొకటి లైట్లు, మధ్యలో ముక్కులా కెమెరా. మనిషి కదిలితే చాలు, లైట్లు వెలిగి ఫోనుకు వీడియో వెళ్తుంది. మా ఆయన ఫోనులోనూ వదిన ఫోనులోనూ పెట్టించారు. నాది బటన్ల ఫోను.

మాటలు కూడా వినపడతాయా అని అడిగాను. ఎలక్ట్రీషియన్ నోరు తెరిచేలోపు మా ఆయన అందుకుని, బొమ్మే, మాట రాదు అన్నారు. ఎలక్ట్రీషియన్ డ్రిల్లు బిట్టు మార్చుకుంటూ ఉండిపోయాడు.

నవంబర్ 9, ఉదయం 5.20

వెనక గుమ్మం మెట్టు మీద కూర్చోగానే లైట్లు వెలిగి పగలైపోయింది.

నవంబర్ 14

ఇరవై ఏడేళ్ళుగా వెనక గుమ్మం మెట్టే నా ప్రార్థన గది. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. తెల్లారకముందు అందరూ నిద్రలో ఉంటారు. అక్కడ కూర్చుని ఆయనతో మాట్లాడుకుంటాను. పెదవులు కదిలేంత చిన్నగా.

ఇప్పుడు లైటు వచ్చాక ప్రార్థన పుస్తకం కూడా చదువుకోగలుగుతున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నా కనపడని చిన్న అక్షరాలు కూడా కనపడుతున్నాయి. ఒకటే ఇబ్బంది. కదలకుండా కూర్చుంటే లైటు ఆరిపోతుంది. అప్పుడు బళ్ళో పిల్లలా చెయ్యెత్తాలి. ప్రార్థన మధ్యలో నాలుగుసార్లు చెయ్యెత్తాను. ఆయన నవ్వుకుని ఉంటాడు, ఏమ్మా, నీకేం సందేహం వచ్చింది అని.

మా ఆయన్ని తిట్టుకున్నందుకు క్షమించమని అడిగాను. దొంగల కోసమే పెట్టించినా, నాకు ఒక దీపం పెట్టించినట్టయింది.

నవంబర్ 19

రేపు అమ్మాయికి రెండో రౌండు ఇంటర్వ్యూ. దాదాపు ఖాయమే అంటోంది. పొద్దున లైటు కిందే ఆయనకి అంతా చెప్పాను. ఉద్యోగం పోవడం, లైబ్రరీ, డబ్బా, అన్నీ. మొహమాటపడకుండా ఏడ్చాను.

నవంబర్ 20

మా ఆయన పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఎటో వెళ్ళారు. వెళ్ళింది కొరియర్ ఆఫీసుకు. మొదట మేనేజర్ని బతిమాలారట. తర్వాత బల్ల మీద గుద్దారట. స్టాఫంతా లేచి నిలబడి చూశారట. అదే పూట కొత్త ఆఫీసువాళ్ళు అమ్మాయి ఎలాంటిదని ఆ మేనేజరుకే ఫోన్ చేశారు. ఇంకేం చెబుతాడు.

అమ్మాయి సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడింది. నాన్నకి ఎవరు చెప్పారు అంది. మా ఆయన, ముప్పై మూడేళ్ళ సర్వీసమ్మా, నాకు ఒకరు చెప్పాలా, నీ ముఖం చూస్తే తెలియదా అన్నారు. అమ్మాయి మా ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదే అన్నాను.

ఏ ఆయనకి అంది.

నవంబర్ 21

అమ్మాయి స్నేహితురాలి గదికి వెళ్ళిపోయింది. రెండు జతల బట్టలే తీసుకెళ్ళింది. డబ్బా తీసుకెళ్ళలేదు.

ఈ పుస్తకమే ఎవరో చదివారనుకున్నాను. సొరుగు తీసి చూశాను. గుండీ పెట్టినచోటే ఉంది.

నవంబర్ 25

వదిన వచ్చారు. గుమ్మంలో ఆగి, ఏమ్మా మరదలా, గోడ గడియారం వచ్చింది, టైమెంతయిందో చూసుకో అన్నారు. మా ఆయన ఫక్కున నవ్వి, వెంటనే దగ్గు తెచ్చుకున్నారు.

నేను మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను. గ్లాసు నిండి పొర్లుతున్నా కొళాయి కట్టలేదు.

గోడ గడియారం అనేది నేను వదినకి పెట్టుకున్న పేరు. గంటకోసారి వచ్చి మోగి వెళ్తారని. ఎంత తప్పో నాకు తెలుసు. అందుకే ఆ పేరు ఎవరి దగ్గరా అనలేదు. అమ్మాయి దగ్గర కూడా. ఈ పుస్తకంలో కూడా ఇవాళే మొదటిసారి రాస్తున్నాను. కిందటి వారం ఒక్క ఆయన దగ్గర అన్నాను. ఆ పేరు పెట్టినందుకు క్షమించమని అడుగుతూ అన్నాను.

నవంబర్ 26

ఒక లైటు మిణుకుమంటోందని ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. మా ఆయన బజారుకు వెళ్ళారు. నేను నిచ్చెన పట్టుకుని, బాబూ, దీనికి మాట వినపడుతుందా అని మళ్ళీ అడిగాను.

అతను కిందికి చూడలేదు. అక్కా, మైకు మొదటిరోజే ఫుల్లు పెట్టించారు సార్ అన్నాడు. మామూలుగా సగం పెడితే సరిపోతుందని చెప్పాను, మా ఆవిడ గొంతు చిన్నది, ఫుల్లు పెట్టు అన్నారు అన్నాడు. తర్వాత, తప్పు నాది కూడా అక్కా, అప్పుడే చెప్పాల్సింది అన్నాడు.

టీ ఇస్తే తాగలేదు.

నవంబర్ 27

మా ఆయన్ని అడిగాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని, మీ ఇద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారని తెలుసు, ఏమిటో తెలుసుకోవాలనుకున్నాను అన్నారు. అక్కయ్య ఆ పేరు విని గంటసేపు నవ్విందే, ఏమీ అనుకోలేదు అన్నారు. మొగుడికి చెప్పకూడనిది దేవుడికేముంటుంది అన్నారు. ఇన్నేళ్ళలో నాతో ఒక్కరోజైనా అంతసేపు మాట్లాడావా అన్నారు.

అది నిజం. అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. నేను మాట్లాడితే మా ఆయన టికెట్ చూపించమన్నట్టు చెయ్యి చాపుతారు. ఆ మాట మాత్రం పైకి అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై ఏడేళ్ళు పక్కన పడుకున్న మనిషికి నా గొంతు ఎంత చిన్నదో తెలుసు. ఆ తెలిసినదాన్నే కొలతగా తీసుకుని మైకు పెట్టించారు. అది మింగుడు పడటం లేదు.

నవంబర్ 29

అమ్మాయి మిగిలిన బట్టల కోసం వచ్చింది. అంతా చెప్పాను. విన్నది, నమ్మలేదు. నాన్న మొండివాడే గాని అలాంటివాడు కాదు, నువ్వు నోరు జారి ఇప్పుడు లైటు మీద పెడుతున్నావా అంది. ఈ ఒక్క రాత్రి ఉండు, పొద్దున నువ్వే చూద్దువుగాని అన్నాను. ఉంది.

నవంబర్ 30

ఉదయం 5.15. లైటు కింద కూర్చున్నాను. చేతులు జోడించి, దేవా, మా ఆయన టికెట్లు పంచ్ చేసే కత్తెరని నిన్న పాత సామాన్లవాడికి ఇచ్చేశాను, నన్ను క్షమించు అన్నాను. మైకుకు అందేలా రెండుసార్లు అన్నాను. అమ్మాయి తలుపు వెనక నిలబడి వింది.

ఆ కత్తెర మా ఆయన మొదటి ఉద్యోగంలోది. మెత్తని గుడ్డలో చుట్టి అటక మీద రేకు పెట్టెలో దాచుకున్నారు. దాన్ని నేను ముట్టుకోను కూడా లేదు.

ఏడింటికి లేచారు. ఫోను చూసుకుంటూ పళ్ళు తోముకున్నారు. సగంలో బ్రష్షు పక్కన పడేసి నిచ్చెన తెచ్చారు. అటక మీద నుంచి రజాయిలు, పాత ఫ్యాను, కుర్చీ కాలు, అన్నీ కింద పడ్డాయి. ఏం వెతుకుతున్నారు నాన్నా అని అమ్మాయి అడిగింది. ఏం లేదు, ఊరికే అన్నారు. నోటి చుట్టూ నురగ అలాగే ఉంది.

పెట్టె తెరిచారు. కత్తెర ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని నిచ్చెన మీదే ఆగిపోయారు. మా ఇద్దరినీ చూశారు. కత్తెరని ఒకసారి ఉత్తినే నొక్కారు. టక్కుమంది.

అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుని, నా కొంగు పట్టుకుంది. ఆరేళ్ళ వయసులో పట్టుకున్నట్టు.

డిసెంబర్ 2

మా ఆయన ఎలక్ట్రీషియన్ని పిలిచి మైకు తీయించేశారు. ఇప్పుడు నిజంగానే మాట రాదు అన్నారు. ఆ నిజంగానే అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అన్నం వడ్డించాను. చెయ్యి చాచి గిన్నె అందుకున్నారు.

డిసెంబర్ 7, ఉదయం 5.30

మెట్టు మీద కూర్చున్నాను. లైటు వెలిగింది. మాట రాలేదు. నాకు. ఆయన దగ్గర అబద్ధమాడాను, నా బిడ్డ నన్ను నమ్మాలని. ఆ సంగతి ఆయనకి ఇంకా చెప్పుకోలేదు. చెయ్యెత్తలేదు. లైటు ఆరిపోయింది.

అమ్మాయీ, నువ్వు మళ్ళీ స్నేహితురాలి గదికి వెళ్ళేటప్పుడు ఈ పుస్తకం నీ సంచిలో పెడతాను. చదివితే చదువు. దాచు. ఎవరికీ చూపించకు. ఏ ఆయనకీ.