పదకొండు నురగ డబ్బాలు దింపించుట గురించి

బోధన్,
తేది: 20-10-1997

జిల్లా అగ్నిమాపక అధికారి గారి సముఖమునకు,
నిజామాబాద్.

అయ్యా,

విషయం: చక్కెర మిల్లులో తలక్రిందులు చేసి మంటలార్పుటకు వాడే పాత నురగ డబ్బాలను తొలగించి, వాటి బదులు పొడి సిలిండర్లు, ఇసుక బకెట్లు పెట్టించుట గురించి.

బోధన్ శివారులోని ఖండసారి చక్కెర మిల్లులో పంతొమ్మిదేండ్లుగా ఫైర్ వాచ్‌మన్‌గా పనిచేయుచున్న వీరస్వామి అను నేను సవినయముగా మనవి చేసుకొనునది:

1. మా మిల్లు డీజిల్ షెడ్డులోను, బాయిలరు దగ్గరను కలిపి పన్నెండు నురగ డబ్బాలు ఉండెడివి. డబ్బాను తలక్రిందులు చేసినచో లోపలి రెండు మందులు కలిసి, నురగ పొంగి గొట్టం గుండా వచ్చును. గొట్టం మూసుకుపోయినచో ఆ పొంగు లోపలనే బిగిసి డబ్బా పగులును. ఏటేటా మందు మార్చి, గొట్టం కడిగి, రేకు బలం పరీక్షించవలెను. ఇదంతా నాకు తెలిసిన సంగతే.

2. నాలుగేండ్లుగా మందు మార్చలేదు. ప్రతి అక్టోబరులో మేనేజరు గారు ఎర్ర రంగు, కుంచె ఇప్పించేవారు. "రంగెయ్యి, తారీఖు మార్చు, చాలు" అనేవారు. రంగు వేసినది నేను. 'పరీక్షించబడినది' అని తెల్ల అక్షరాలతో వ్రాసినది కూడా నేనే.

3. గత ఫిబ్రవరి 11న మధ్యాహ్నం డీజిల్ షెడ్డులో నూనె గుడ్డలు అంటుకున్నవి. బాయిలరు పనివాడు భూమన్న అందరికంటే ముందు ఉరికి, గోడమీది డబ్బా అందుకొని తలక్రిందులు చేశాడు. నురగ రాలేదు. "వీరన్నా, వస్తలేదేందే?" అని నా వైపు తిరిగాడు. "ఇడిసిపెట్టు, పారెయ్యి!" అని నేను అరిచేలోపే అడుగు రేకు చీలి అతని ముఖానికి కొట్టింది. మంటను మేము ఇసుకతో, తడి గోనెసంచులతో ఆర్పితిమి. భూమన్న కుడి కన్ను పోయింది. ఎడమ కంట్లో మందు పడి చూపు మసకైంది. వయసు ముప్పై నాలుగు.

4. ఆసుపత్రిలో అతని భార్య హన్మవ్వ నన్ను అడిగిన మాట అర్జీలో వ్రాయవచ్చునో లేదో తెలియదు. "అన్నా, నీ చేతి అక్షరాలు సూసే గాయన దాన్ని ముట్టిండు. గా డబ్బ పాడైందని నీకు ఎర్కనేనా?" అన్నది. ఎర్కనే అన్నాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండును. ఆ ఆదివారం మా మెథడిస్టు చర్చిలో పాస్టరు గారు దేవుడు చేసిన మేలును గూర్చి సాక్ష్యం చెప్పమని పిలిస్తే బెంచీ మీది నుండి లేవలేకపోయాను.

5. మిగిలిన పదకొండును మార్చమని మేనేజరు గారిని మూడుసార్లు అడిగాను. "ఒక్కటి పగిల్తే అన్ని పగుల్తయా?" అన్నారు. మొన్న శుక్రవారం మళ్ళీ రంగు పంపించారు. నేను కుంచె ముట్టలేదు. పదకొండును దించి, స్టోరు గదిలో పెట్టి తాళం వేశాను. గోడ పొడవునా ఇసుక బకెట్లు పెట్టాను. అనుమతి లేకుండా చేసిన ఈ పనిని ఒప్పుకొనుచున్నాను.

కావున తమరు స్వయముగా వచ్చి, ఆ డబ్బాలను తెరిపించి చూసి, చెరుకు క్రషింగ్ మొదలయ్యే నవంబరు 3వ తేదీలోగా మంచి పొడి సిలిండర్లు పెట్టించగలరు. దొంగ తారీఖులు వ్రాసినందుకు నా మీద ఏ చర్య తీసుకొన్నను సమ్మతమే. ఇంకా దిద్ది వ్రాయుటకు ఓపిక లేదయ్యా. ఉన్నది ఉన్నట్టుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వీరస్వామి,
ఫైర్ వాచ్‌మన్.

తా.క.: కవరు అంటించకముందే మేనేజరు గారు పిలిపించి, రేపటి నుండి పనికి రావద్దన్నారు. స్టోరు తాళం పగలగొట్టి డబ్బాలను మళ్ళీ గోడకు ఎక్కించారు. ఈ సంగతి తెలిసి భూమన్న గోడ తడుముకుంటూ వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. లోపలికి పోయే ప్రతి కూలీని చెయ్యి పట్టుకొని ఆపుతున్నాడు. "తమ్మీ, అగ్గి పుడితే బయటికి ఉరుకు. గా ఎర్ర డబ్బలు ముట్టకు" అని చెబుతున్నాడు. ఈ కవరు పోస్టులో వేసి నేనూ వెళ్ళి అతని పక్కన కూర్చుంటాను. తమరు ఎప్పుడు వచ్చినా ఇద్దరం అక్కడే దొరుకుతాము.