చెలమ నీళ్లతో నీలిరంగు

1961 మార్చి, బుధవారం

నేను చెప్పిన డ్రాయింగు పాఠానికి మంచి మార్కులే పడ్డాయి. అయినా నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

ట్రైనింగు స్కూలు నుంచి మోసుకొచ్చిన మ్యాజిక్ లాంతరు కోసం పొద్దున్నే కిటికీలకు గోనెసంచులు కట్టాను. ఉక్క, కిరసనాయిలు పొగ, పిల్లల దగ్గులు. ఎలాగో గోడ మీద నది బొమ్మ పడింది. నిండుగా నీళ్లు, తెరచాప పడవ. సంచులు తీసేశాక, "ఇప్పుడు మన ఏరు వెయ్యండి" అన్నాను.

నాలుగో తరగతి ఖాదర్‌బీ కాగితమంతా ఇసుక వేసింది. మధ్యలో నీళ్ల కోసం తవ్విన ఒక చెలమ, దాని మీదికి వంగి నీళ్లు తోడుతున్న వాళ్లమ్మ. నాకు భలే నచ్చింది.

నా పాఠానికి మార్కులు వేయడానికి వెనక బెంచీలో కూర్చున్న ట్రైనింగు స్కూలు మాస్టారు ఆ కాగితం లాక్కున్నారు. "ఏమమ్మా, నువ్వు చూపించిందేమి, ఈ పిల్ల వేసిందేమి? ఏట్లో నీళ్లు యాడ?"

ఖాదర్‌బీ లేచి నిలబడింది. "గుంతలో ఉండాయి సార్. లోతుకుండాయి, కనపడవు."

అది చెప్పింది నిజమేనండీ అని ఒక్క మాట అనలేకపోయాను. పైగా, "ఏరంటే నీలంగా ఉండల్ల, మళ్లీ వెయ్యి" అని ఆ కాగితమూ కుంచె దాని చేతికిచ్చాను.

రంగు కలపడానికి బడి కడవలో చుక్క లేదు. ఖాదర్‌బీ గ్లాసు తీసుకుని ఏట్లోకి పరుగెత్తింది. చాలాసేపటికి, చెలమలో తోడిన అర గ్లాసు నీళ్లు ఒలకకుండా రెండు చేతులా పట్టుకొచ్చింది.

ఆ నీళ్లతోనే నీలిరంగు కలిపి, చెలమనూ వాళ్లమ్మనూ కప్పేసింది.