ఖాళీ మంచాలకు మెప్పు

మఫ్రఖ్, జూలై, గురువారం

నా మీద నాకే అసహ్యంగా ఉంది.

డెన్మార్క్‌తో ఇక్కడి ప్రభుత్వానికి కుదిరే వ్యాపార ఒప్పందంలో మా కంపెనీకీ పని దొరుకుతుందట. సంతకాలకు ముందు కార్మికులు ఎలా ఉంటున్నారో చూడాలని వాళ్ళ బృందం ఈ రోజు మా లేబర్ క్యాంపుకు వచ్చింది. దానికి గంట ముందే ముదీర్, అంటే మా క్యాంపు మేనేజరు, నా క్లినిక్‌లోకి వచ్చాడు.

"సిస్టర్, ఈ నలుగురినీ బస్సెక్కించు. వాళ్ళు వెళ్ళేదాకా ఒక్కడూ కనపడకూడదు. యల్లా, త్వరగా!"

నలుగురూ వడదెబ్బ తగిలి పడుకున్నవాళ్ళు. జగిత్యాల మల్లేశానికి ఇంకా సెలైన్ ఎక్కుతోంది. సూది నేనే తీశాను. అతనికి కోపం కూడా రాలేదు.

"మేం గంత గలీజుగున్నమా సిస్టర్?" అన్నాడు.

"కాసేపే అన్నా," అన్నాను.

బృందంలో ఒకావిడ తెల్లటి దుప్పట్లు చూసి, ఒక్క రోగి కూడా లేడని నన్ను మెచ్చుకుంది. నిజం చెప్పేందుకు అంతకంటే మంచి అవకాశం రాదు. పక్కనే ముదీర్ నవ్వుతూ నిలబడ్డాడు. "థాంక్యూ మేడమ్" అన్నాను. ఛీ!

మూడు గంటల తర్వాత బస్సు తిరిగొచ్చింది. మల్లేశాన్ని ఇద్దరు పట్టుకుని దించారు. ఒళ్ళు కాలిపోతోంది. మంచం దగ్గరికి వచ్చి కూడా కూర్చోకుండా నా వైపు చూశాడు.

"గా తెల్లోళ్ళు పోయిన్రా సిస్టర్? ఇగ పండొచ్చునా?"

ఆ తెల్ల దుప్పటి పక్కకు లాగేసి, అతన్ని పడుకోబెట్టి సెలైన్ మళ్ళీ పెట్టాను.