పిల్లకి బదులు నువ్వు
రాజాం, మంగళవారం

బావా, నీ భార్య కన్యాకుమారి నమస్కారం. ఫోను నీళ్లలో పడింది, అందుకే కార్డు.

నిన్న అంగన్‌వాడీలో మన సుహాసిని జబ్బకి కొలత టేపు చుడితే పసుపు రంగు మీద ఆగింది, ఆకుపచ్చ మీద ఆగితేనే పిల్ల బాగున్నట్టట. మూడు నెలలుగా బరువు కూడా కదల్లేదట. "రోజూ గుడ్డిస్తన్నాం కదమ్మా, పిల్ల తింతన్నాదా?" అని టీచరు అడిగింది. పాపకి అమ్మవారు పోసినప్పుడు, జాతర అయ్యేదాకా గుడ్డు పెట్టనని మీ అమ్మ మొక్కుకుంది. ఆ గుడ్డు పక్కింటికి పోతోంది. జాతర ఇంకా మూడు నెలలకి గాని రాదు.

గుడి పూజారిని అడిగాను. "పిల్లకి బదులు తండ్రి మానేసినా సాల్తాది, అమ్మోరు తల్లేటీ అనదు" అన్నాడు. గుడ్డు కూరంటే నీకు ప్రాణమని తెలుసు. అయినా ఆ మొక్కు నీ మీద వేసుకుంటానని మీ అమ్మకి నీ చేత్తో రెండు ముక్కలు రాయి. నా మాట వినదు.

సిమెంటు దుమ్ములో నీ దగ్గు ఎలా ఉంది? దుప్పటి అందిందా?

పాప నీ ఫొటోకి దండం పెడుతోంది. దసరాకి నువ్వు కట్టి వెళ్లిన మొలతాడు ముడి మార్చకుండానే ఇప్పటికీ సరిపోతోంది. భలే కొలత చూసి కట్టావని ఇన్నాళ్లూ మురిసిపోయాను.