బాయిలో మోటార్లు ఆగాయట

ఏమయ్యా,

భాల్కిలో బిడ్డ దగ్గరే ఉంటున్నాను. నీతో బొగ్గుబాయిలో పనిచేసిన ఎల్లన్న నిన్న వచ్చాడు. బాయి ఉన్న ఊళ్లో మన క్వార్టర్లు కూల్చేశారట, సంత కూడా జరగట్లేదట.

“బాయి మూసేసిన్రు వదినా. నీళ్లు తోడే మోటార్లు గూడ బంద్ చేసిన్రు.”

“మరి మీ అన్న సంగతేంది?” అన్నాను.

ఎల్లన్న చాయ్ కింద పెట్టేశాడు.

బాయిలో పైకప్పు కూలిన నాడు నిన్ను బయటికి తేలేకపోయారు. మోటార్లు నడిచినన్నాళ్లూ నువ్వు పొడినేల మీదే ఉన్నావనుకున్నాను. చన్నీళ్లు పడితే నీకు దగ్గు. ఎండాకాలంలోనూ వేణ్నీళ్లే పోసుకునేవాడివి.

ఈ పొద్దు నీ షిఫ్టు విడిచే వేళకు కాగు నిండా నీళ్లు కాచాను.

“గిన్ని నీళ్లెవరికే అమ్మా?” అంది బిడ్డ.

చల్లారిపోయేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు.